పాటా పొగా ఉంటేనే పాలు

మంగాయమ్మ కువైట్ విమానం ఎక్కిన మర్నాటి నించీ రాజ్యం పాలివ్వడం మానేసింది.

రాజ్యం అంటే గేదె. మంగాయమ్మ పుట్టింటి నించి వచ్చిన గేదెకి మనవరాలు. అంచేత ఆవిడ దృష్టిలో అది పశువు కాదు, పుట్టింటి తరఫు చుట్టం. చుట్టాలకుండే టెక్కులన్నీ దానికీ ఉన్నాయి. దూడ మూతి పెడితే చాలు, శుభ్రంగా చేపేది, పొదుగు నిండా పాలు దింపేది. దూడని పక్కకి లాగి అప్పన్న చెయ్యి వెయ్యగానే ఎక్కడివక్కడ బిగబట్టేసేది. అరగంట పిండినా చెంబు అడుగు తడిసేది కాదు. మనుషుల వాటా కూడా దూడే తాగి తాగి రెండు నెలల్లో బుల్లి ఏనుగైపోయింది.

అప్పన్న మెత్తటి మనిషి. పొద్దస్తమానం కొబ్బరికాయలు ఒలిచే చేతులు కదా, మనిషి కూడా మొరటుగా ఉంటాడనుకుంటాం గానీ, ఆయన గేదెని కూడా మీరు అనే రకం. "కాస్త చేపండమ్మా, అమ్మాయి కాఫీ తాగి బస్సెక్కాలి" అని బతిమాలేవాడు. రాజ్యం చెవులాడించేది. అంతవరకే.

ఊళ్ళో ఉన్న తెలివంతా వాడేసేరు. తవుట్లో బెల్లం కలిపేరు. దిష్టి తీసేరు. పశువుల డాక్టరుగారు వచ్చి సూదేసి, "రోగం ఏం లేదండి, దీనికి మనసు బాలేదు" అన్నారు. మనసుకి సూది లేదా అనడిగితే, ఉంటే ముందు నేనే వేయించుకుందునండి అన్నారు.

ఆఖరికి అందరూ కలిసి తేల్చింది ఏంటంటే, అప్పన్న పెళ్ళాం చీర కట్టుకుని పాకలోకి వెళ్ళాలని. ఆయన సిగ్గుపడ్డాడు గానీ ఒప్పుకున్నాడు. మంగాయమ్మ వెళ్ళేముందు విడిచిన చీర దండెం మీదే ఉంది. "మాసిన చీర కట్టుకుని ఏం వెళ్తాం, బాగోదు" అని ఆయన దాన్ని రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ కూడా చేయించి, అప్పుడు కట్టుకున్నాడు. రాజ్యం ఆ ఫెళఫెళలాడే చీరని ఒకసారి వాసన చూసి, తోకతో మొహం మీద ఒకటిచ్చింది. వీధిలో వాళ్ళు వారం రోజులు నవ్వేరు.

నవ్వనిదల్లా సాయిదుర్గే. అప్పన్నకి ఒక్కతే కూతురు. పంతొమ్మిదేళ్ళు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయిపోయింది, ఇప్పుడు రోజూ మలికిపురంలో బస్సెక్కి అమలాపురం వెళ్ళి, ముగ్గురికి ఒకటి చొప్పున ఉన్న కంప్యూటర్ ముందు కూచుని వస్తోంది. ఊళ్ళో ఫ్యాన్ తిరక్కపోయినా, టీవీలో గీతలొచ్చినా దుర్గనే పిలుస్తారు. గేదె పాలివ్వకపోయినా దుర్గనే చూస్తున్నారు, అదేదో ఫ్యూజు పోయినట్టు.

దుర్గకి ఇంకో బాధ ఉంది. బయల్దేరే రోజు మంగాయమ్మ మూటలన్నీ కట్టేసేక, కూతుర్ని పాక వెనక్కి లాక్కెళ్ళి చెప్పింది. "రెండేళ్ళలో వచ్చేస్తాను. నేనొచ్చేదాకా దీన్ని అమ్మనివ్వకు. మీ నాన్న మెత్తటోడు, ఎవరేం అడిగినా ఇచ్చేస్తాడు." దుర్గ సరేనంది. అమ్మ ఏడిచేస్తుందని తొందర తొందరగా సరేనంది.

రెండేళ్ళన్నది. రెండు నెలలకే అప్పన్న అన్నం తింటూ చిన్నగా చెప్పేడు.

"నూకయ్యగారిని రమ్మన్నానమ్మా. వచ్చే నెల మొదటి ఆదివారం."

నూకయ్య అంటే గేదెల బేరగాడు. ఆయన వచ్చేడంటే తాడు పట్టుకునే వస్తాడు, ఉత్త తాడుతో వెనక్కి వెళ్ళడు.

"అమ్మకి మాటిచ్చేను నాన్నా."

"నేను మాత్రం ఇవ్వలేదా. దాన్ని చూస్తన్నావు కదా, బెంగెట్టుకుంది. కొత్త ఇంటికెళ్తే మర్చిపోద్దేమో. మనం కూడా..." అని ఆగి, మజ్జిగ లేని అన్నంలో నీళ్ళు పోసుకున్నాడు.

ఆ వారంలోనే మంగాయమ్మ దగ్గర్నించి మొదటి కాసెట్టు వచ్చింది. మా కోనసీమలో అప్పుడు గల్ఫు నించి ఉత్తరాలు తక్కువ, కాసెట్లు ఎక్కువ. రాయడం రాకపోయినా మాట్టాడ్డం అందరికీ వచ్చు కదా. సెలవు మీద వచ్చేవాళ్ళు సబ్బులూ సెంట్లతో పాటు నలుగురైదుగురి కాసెట్లు మోసుకొస్తారు. కాసెట్టొచ్చిందంటే ఆ వీధి వీధంతా అరుగు మీదకి చేరుతుంది. ఒకళ్ళింటి కాసెట్టు వాళ్ళే తలుపేసుకుని వింటే, ఏదో దాస్తన్నారని చెప్పుకుంటారు.

ఆ కాసెట్లో మంగాయమ్మ అందర్నీ పేరుపేరునా పలకరించి, చివర్లో, "ఇది మా రాజ్యానికి" అని, రోజూ పాలు పితికేటప్పుడు పాడే పాట పాడింది. ఆవిడే కట్టుకున్న పాట. రాగం లేదు గానీ ఊపుంది.

దా దా దా తల్లీ, దూడకి సగం నాకు సగం
చెంబు నిండితే చాలే తల్లీ, చెరువు నాకెందుకే
దా దా దా...

దుర్గకి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం టూ ఇన్ వన్‌లో కొత్త సెల్లులేసి పాకలోకి పట్టుకెళ్ళింది. అది కూడా గల్ఫు సరుకే, మంగాయమ్మకన్నా ముందే కువైట్ వెళ్ళిన జీవరత్నం పిన్ని నెల్లాళ్ళ కిందట ఎవరిచేతో పంపించినది. దూడని కట్టేసి, అప్పన్నని పొదుగు దగ్గర కూచోబెట్టి, బటన్ నొక్కింది.

మంగాయమ్మ గొంతు వినపడగానే రాజ్యం మేత వదిలేసింది. చెవులు రెండూ ముందుకి పెట్టింది. పాక అంతా చూసింది. టేప్ రికార్డర్ వాసన చూసింది. మళ్ళీ పాక అంతా చూసింది. పాట రెండో చరణానికి వచ్చేసరికి ఒక్క అరుపు అరిచి, పలుపు తెంపుకుని, అప్పన్నని వెల్లకిలా పడేసి, వీధిలోంచి కాలవగట్టెక్కి తిన్నగా బస్టాపుకి వెళ్ళి నిలబడింది. ఆరోజు మంగాయమ్మని ఎక్కించిన కారు ఆగింది అక్కడే.

దాన్ని ఇంటికి తోలుకొచ్చేసరికి చీకటి పడింది. అప్పన్న నడుం పట్టుకుని, "దానికి ఉన్న బెంగ చాలదనా అమ్మా" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ బెంగలోనే దుర్గకి ఒక సంగతి తట్టింది. రాజ్యం ముందు నమ్మింది. తర్వాత వెతికింది. వెతికింది దొరక్క పిచ్చెత్తింది. అంటే గొంతు సరిపోయింది, ఇంకేదో సరిపోలేదు. డిప్లొమాలో మొదటి ఏడే చెప్పేరు, రెండు స్విచ్చులూ ఒకేసారి వేస్తేనే వెలిగే బల్బు ఉంటుందని. ఒకటే వేసి ఎంతసేపు కూచున్నా వెలగదు. గేదె కళ్ళతో చూసే దానికన్నా ముక్కుతో చూసేది ఎక్కువని డాక్టరుగారు అననే అన్నారు. రెండో స్విచ్చు వాసన. ఆ వాసనని నాన్న సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికి, గంజి పెట్టేసేడు.

అక్కణ్ణించి దుర్గ నోట్బుక్కులో గీతలు గీసి పరీక్షలు మొదలెట్టింది. పాట తక్కువ సౌండులో, పక్కన ఒక్కో వాసన. అమ్మ తలకి రాసుకునే మెంతుల కొబ్బరినూనె తను రాసుకుని వెళ్ళింది. సున్నా. పసుపు, సున్నా. పౌడరు, రాజ్యం తుమ్మింది, సున్నా. దేవుడి దగ్గర అగరొత్తులు, సున్నా. దోమలకి రోజూ వేసే కొబ్బరి డొక్కల పొగ వేసింది. ఆ పొగ వచ్చేసరికి రాజ్యం ఒకసారి మెడ చాపి, గట్టిగా పీల్చి, కాదనుకుని తల దించేసుకుంది. దుర్గ అక్కడ సున్నా పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. దగ్గర్లోనే ఉన్నాను అనుకుంది.

శుక్రవారం మంగాయమ్మకి సెలవు. ఆరోజు పదింటికి మలికిపురంలో ఏలీయాగారి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేస్తుంది. బూత్‌లో అద్దాల తలుపుందన్న మాటే గానీ అది ఎప్పుడూ పడదు. బయట బెంచీ మీద ఎనిమిది మంది తమ ఫోన్లకోసం కూచుని ఇతరుల ఫోన్లు వింటూ ఉంటారు.

"అమ్మా, పాకలోకి వెళ్ళేటప్పుడు నువ్వు ఏం రాసుకునేదానివి?"

"ఏం రాసుకుంటానే, మొహం కూడా కడిగేదాన్ని కాదు."

"ఏదో వాసన ఉండాలమ్మా. రాజ్యానికి నీ గొంతొక్కటే చాలట్లేదు. డొక్కల పొగ లాంటిది ఇంకేదో. ఆలోచించు. నాన్న ఎల్లుండి ఆదివారం నూకయ్యగారిని రమ్మన్నారు."

లైను కట్టయిందేమో అని దుర్గ రెండుసార్లు హలో అంది.

"అక్కడ పక్కన ఎవరున్నారే?" అంది మంగాయమ్మ, గొంతు బాగా తగ్గించి.

దుర్గ బెంచీ కేసి చూసింది. "అందరూ."

"ఇవాళే జీవరత్నం బయల్దేరుతుంది. కాసెట్టు పంపుతాను. ఆదివారం లోపల అందుద్ది. అప్పటిదాకా నూకయ్యని కదలనివ్వకు" అని పెట్టేసింది.

శనివారం పొద్దుపోకముందే జీవరత్నం పిన్ని అటాచీ కూడా విప్పకుండా కాసెట్టు పట్టుకుని వచ్చేసింది. ఆవిడ వెనకాలే వీధి కూడా వచ్చేసింది. బడ్డీ కొట్టు కనకరత్నం మామ్మ ఏకంగా కొట్టు కట్టేసి, ముందు వరసలో పీట వేసుకుని కూచుంది. ఇంటికొచ్చినవాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వాలి కదా అని దుర్గ కాసెట్టు పెట్టి, ప్లే నొక్కి, డికాషన్ కాయడానికి వంటింట్లోకి వెళ్ళింది. పాలు లేని ఇల్లు మరి.

"అందరికీ నమస్కారమండీ. నేను మంగాయమ్మని. నాకిక్కడ ఏం లోటు లేదండి. ఇక్కడ కొబ్బరికాయలు ఒక్కోటి సంచీలో పెట్టి అమ్ముతున్నారండి, నాకు నవ్వాగలేదు. నేను పనిచేసే ఇంటి మేడంగారు మంచోరే. రోజూ బొగ్గుల మీద ఏదో చెక్క ముక్క వేసి ఇల్లంతా పొగ పడతారు, గుమ్మని ఉంటది. అందరూ హాయిగా పడుకుంటారు. నాకు మాత్రం నిద్ర పట్టదు..."

అలా అలా వెళ్ళి మొదటి వైపు అయిపోయింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ టూ ఇన్ వన్ ఇంటికొచ్చిన రోజు దాన్లో ఉన్న ఆటో రివర్స్ అనే ఏర్పాటు గురించి దుర్గ ఊరందరికీ చెప్పుకుంది. ఒక వైపు అవగానే కాసెట్టు తీసి తిప్పక్కర్లేదు, అదే రెండో వైపు పాడేసుకుంటుంది. అలాంటిది ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదని చెప్పింది. ఆ సంగతి మంగాయమ్మకి మాత్రం చెప్పలేదు.

టక్కుమని చప్పుడైంది. రెండో వైపు మొదలైంది.

"దుర్గా. ఇది నీకొక్కదానికే. తలుపేసుకున్నావా?"

అరుగు మీద అందరూ తలుపు కేసి చూసేరు. ఎవరూ కదల్లేదు.

"మీ నాన్న పక్కనుంటే ఆపెయ్యి."

అప్పన్న కంగారుగా లేచేడు. ఆపుదామని చెయ్యి చాపేడు గానీ ఆయనకి తెలిసింది ఒక్క గుండ్రటి బటనే. దాన్ని తిప్పేడు. సౌండు పెరిగింది. వంటింట్లో దుర్గకి కూడా వినపడింది, గ్లాసుల పళ్ళెం పక్కన పడేసి పరిగెత్తుకొచ్చింది. మధ్యలో ఇరవై జతల కాళ్ళు.

"నేను పాకలో చుట్ట కాల్చేదాన్నే" అంది మంగాయమ్మ, వీధి చివరిదాకా వినపడేలా. "అడ్డపొగే, నిప్పు నోట్లోకి పెట్టుకుని, బయటికి కనపడకుండా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నాలుగు దమ్ములు లాగి, దాని మొహం మీదకి వదిలేదాన్ని. అది కళ్ళు మూసుకునేది. నేనూ మూసుకునేదాన్ని. ఇద్దరం స్థిమితపడ్డాక అప్పుడు పాట ఎత్తుకునేదాన్ని. డొక్కల పొగలో చుట్ట పొగ ఎవరికి తెలుస్తుంది? నీ తల మీద ఒట్టేయించి మీ నాన్న చేత మానిపించేనా, ఇంట్లో ఒక కట్ట మిగిలిపోయింది. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఆ నాలుగే కదా అనుకున్నాను. పదేళ్ళయింది."

దుర్గ టేప్ రికార్డర్ దగ్గరికి చేరింది. స్టాప్ మీద వేలు పెట్టబోతుంటే కనకరత్నం మామ్మ ఆ వేలు పట్టేసుకుంది. "ఉండవే, గేదె సంగతి ఇంకా తేలలేదు."

"కనకరత్నం మామ్మ కొట్లో మా ఆయనకని చెప్పి కొనేదాన్ని" అంది మంగాయమ్మ. "ఆవిడ నమ్మేసేది, పిచ్చి మాలోకం."

మామ్మ దుర్గ వేలు వదిలేసింది.

కాసెట్టు చివర మళ్ళీ పాట. ఈసారి పాట ఎవరికీ ఎక్కలేదు. అందరూ అప్పన్నని చూస్తున్నారు. ఆయన స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. తలెత్తి, "అంటే మామ్మా, ఈ పదేళ్ళూ నేను దొంగచాటుగా కాలుస్తున్నాననుకున్నావా?" అనడిగేడు.

"రోజుకి రెండు కొనేది కదరా. మరేం అనుకుంటాం."

"మీరందరూ?"

"ఆయ్, అనుకున్నాం బావా" అంది జీవరత్నం. "పాపం పిల్ల తల మీద ఒట్టేసి కూడా ఆగలేకపోతన్నాడని జాలిపడేవాళ్ళం. నీ దగ్గర ఎత్తితే బాధపడతావని ఎత్తలేదు."

"నేను ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు. ఒలుపు దగ్గర అందరూ కాలుస్తుంటే గాలికి ఎదురు కూచునేవాణ్ణి" అన్నాడు అప్పన్న. అంటూ ఉంటే ఆయన భుజాలు కదిలేయి. ఏడుస్తున్నాడని దుర్గ దగ్గరికెళ్ళింది. ఏడవట్లేదు. నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా మొదలైన నవ్వు, స్తంభం పట్టుకుని కూలబడేదాకా వెళ్ళింది. "నాలుగే కదా అనుకుందంట" అని ఒకసారి, "పిచ్చి మాలోకం అందంట" అని ఒకసారి. అది చూసి మామ్మ నవ్వింది. ఇంక వీధంతా నవ్వింది. మంగాయమ్మ వెళ్ళేక ఆ అరుగు మీద అంత నవ్వు అదే మొదలు.

తెల్లారుతూనే మామ్మ చుట్టల కట్ట తెచ్చింది. "పదేళ్ళ నించీ అమ్మింది నేనే, దీంట్లో నా పాపమూ ఉంది" అని దుర్గ చేతిలో పెట్టి, తను మాత్రం పాక బయటే నిలబడింది. రాజ్యం ఆవిణ్ణి ఇదివరకోసారి కుమ్మింది.

ఒక్క చిక్కు మిగిలింది. చుట్ట ఎవరు కాలుస్తారు?

దుర్గ ముందు పెద్ద అరటిపండు తెచ్చి, అగరొత్తి గుచ్చినట్టు చుట్ట గుచ్చి, వెలిగించి, రాజ్యం ముందు పెట్టింది. చుట్ట అగరొత్తి కాదు కదా, పీల్చేవాడు లేకపోతే అర నిమిషంలో ఆరిపోయింది. రాజ్యం పండు తినేసింది. చుట్ట అప్పన్న తీసి పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పేడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పదేళ్ళ తర్వాత కలిసిన స్నేహితుణ్ణి చూసినట్టు చూసేడు.

"ఇంటికోసం కదమ్మా" అన్నాడు.

"తల నాది నాన్నా."

"ఆయ్, నీదే" అని చుట్ట కిందకి దించేసేడు. అంత ఆశ పడి అంత తొందరగా దించేసిన మనిషిని చూసి దుర్గకి ఏదోలా అయింది. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ఊదే ఇనప గొట్టం తెచ్చింది. దాని చివర తడి గుడ్డ చుట్టి, చుట్టని అందులో బిగించి వెలిగించింది.

"పీల్చొద్దు. ఊదు."

అప్పన్న గొట్టం కేసి చూసేడు. "ఊదితే మాత్రం కాల్చినట్టు కాదేంటి?"

బయట్నించి మామ్మ అందుకుంది. "పొయ్యి ఊదితే కూర తిన్నట్టా? ఊదరా."

ఈ న్యాయం అందరికీ నచ్చింది. అప్పన్న ఎండుగడ్డికి దూరంగా, రాజ్యం తల పక్కన గొంతుక్కూచుని నెమ్మదిగా ఊదేడు. చుట్ట కొన ఎర్రగా అయింది. నీలంగా పొగ లేచి, రాజ్యం మొహం మీదగా వెళ్ళింది. దుర్గ పాట పెట్టింది. దూడని కాసేపు వదిలి, లాగి కట్టేసి, ఊదేవాడికి పితకడం కుదరదు కాబట్టి తనే చెంబు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూచుంది. ఆమెకి పితకడం సరిగ్గా రాదు.

దా దా దా తల్లీ, దూడకి సగం నాకు సగం.

రాజ్యం చెవులు ముందుకి వచ్చేయి. దుర్గ ఇంకో నిమిషంలో బస్టాపుకి పరిగెత్తాల్సొస్తుందని చెప్పులు కూడా విప్పలేదు. రాజ్యం పాక చూడబోయింది. పొగ దాని ముక్కుకి తగిలింది. ఒకసారి పీల్చింది. ఇంకోసారి, పొట్ట నిండేలా పీల్చింది. వెతకడం మానేసింది. మెడ జారింది, కళ్ళు సగం మూతపడ్డాయి, వెనక కాళ్ళు కాస్త ఎడంగా పెట్టుకుంది, ఇన్నాళ్ళకి నువ్వొచ్చేవా అన్నట్టు ముక్కుతో ఒక్క నిట్టూర్పు విడిచింది.

దుర్గ చేతికింద చన్ను బిగిసి, నిండి, బరువెక్కింది. పిండింది. చెంబులో జుయ్యిమని చప్పుడు.

అప్పన్న ఊదడం మర్చిపోయేడు. "ఊదు నాన్నా" అంది దుర్గ. ఆయన ఊదేడు. చెంబు నిండింది, మామ్మ గుమ్మంలోంచే ఇంకో చెంబు అందించింది. దుర్గకి ఎందుకో కళ్ళు బరువుగా అవుతున్నాయి. చిన్నప్పుడు ఇక్కడే, అమ్మ వీపుకి ఆనుకుని నిద్రపోయేది. బళ్ళో ఎవరన్నా మీ అమ్మ వాసన ఎలా ఉంటుందంటే చెప్పలేకపోయేది గానీ, తనకి తెలుసు, కళ్ళు మూసుకుంటే వచ్చేది. అది ఇదే. తను అమ్మ వాసన అనుకున్నది నికార్సైన పొగాకు. అయినా ఏం తేడా రాలేదు. భుజాలు వాటంతటవే దిగేయి, చేతికి పితకడం వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే నూకయ్య వచ్చేడు.

భుజం మీద తాడు, నోట్లో మాట. ఆయన మాట ఆగడం ఎవరూ చూళ్ళేదు. "ఏవండీ అప్పన్నగారూ, ఇంకా తయారవలేదా, నేను రాజోలు వెళ్ళాలి, అక్కడ ఇంకో రెండున్నాయి, ఎండెక్కితే గేదెలు నడవవు, ఎక్కడిది ఎక్కడ..." అంటూ పాకలోకి వచ్చి, ఆగేడు. ఒక మనిషి గేదె మొహానికి చుట్ట ఊదుతున్నాడు. డబ్బాలోంచి ఆడమనిషి పాడుతోంది. ఒక అమ్మాయి కళ్ళు మూసుకుని పాలు పితుకుతోంది.

అప్పన్న నోటికి పని ఉంది కాబట్టి చేత్తో కూచోమన్నాడు. నూకయ్య డొక్కల గుట్ట మీద కూచున్నాడు. తాడు భుజం మీంచి జారి ఒళ్ళోకి వచ్చింది. పాట అయిపోయేసరికి మనిషి వెనక్కి వాలిపోయి ఉన్నాడు.

"ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు.

దుర్గ వెనక్కి తిప్పి పెట్టింది. రెండోసారి అయ్యేసరికి రెండో చెంబు కూడా నిండింది. నూకయ్య లేచి, పొదుగు చూసేడు, చెంబులు చూసేడు, రాజ్యం చుట్టూ ఒకసారి తిరిగేడు. బేరగాడి కళ్ళు మళ్ళీ వచ్చేయి.

"పాలివ్వదని చెప్పేరు కదండీ. ఇంత బాగా ఇస్తుంటే నేనిస్తానన్నదానికి ఇంకా కలిపిస్తాను. తీసుకెళ్తాను."

అప్పన్న గొట్టం దించేడు. ఎవరేం అడిగినా ఇచ్చేసే మనిషి. దుర్గ లేచి నించుంది.

"తీసుకెళ్ళండి నూకయ్యగారూ. కానీ ఈ డబ్బా లేకపోతే ఇవ్వదండి. అదీ తీసుకెళ్ళాలి."

"తీసుకెళ్తాను."

"చుట్ట ఊదేవాడు కావాలండి. రోజుకి రెండుసార్లు."

"ఊదుకుంటాను, దానికేముంది."

"పాట కావాలండి. మా అమ్మ గొంతు. అది కూడా ఇచ్చెయ్యాల్సొస్తుంది." దుర్గ నూకయ్యని కాదు, నాన్నని చూస్తూ అంది. "మళ్ళీ కాసెట్టు ఎప్పుడొస్తుందో."

"ఆవిడ గొంతు ఇస్తారాండీ?" అన్నాడు నూకయ్య.

అప్పన్న పైకి లేచేడు. పొగకి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఒకడు అడిగినదానికి ఆలోచించకుండా జవాబు చెప్పేడు.

"ఇవ్వనండి."

"గేదె ఒక్కటీ..."

"అదీ ఇవ్వనండి. కాఫీ తాగి వెళ్ళండి. పాల కాఫీ."

నూకయ్య కాఫీ తాగేడు. రెండు గ్లాసులు తాగేడు. ఉత్త తాడు భుజానేసుకుని వెళ్తూ, గుమ్మం దగ్గర దుర్గతో నెమ్మదిగా, "ఆ పాట ఒక కాసెట్లోకి ఎక్కించి ఇస్తావా అమ్మా? ఇంటి దగ్గర నాకూ నిద్ర సరిగ్గా పట్టదు" అన్నాడు. దుర్గ కొత్త కాసెట్టు తెచ్చుకోమంది.

జీవరత్నం నెల్లాళ్ళకి తిరుగు ప్రయాణం. వెళ్ళేముందు రోజు సాయంత్రం దుర్గ జవాబు కాసెట్టు మొదలెట్టింది. వీధి ఎలానూ వస్తుంది కాబట్టి ఈసారి అరుగు మీద కాకుండా పాకలోనే పెట్టింది, రాజ్యం కుమ్ముతుందని ఎవరూ లోపలికి రారు. ముందు ఏం మాట్లాడకుండా పాలు పితికే చప్పుడు రికార్డు చేసింది, చెంబు అడుగున జుయ్యిమనే దగ్గర్నించి పైదాకా నురగలో మెత్తగా పడేదాకా. ఆ తర్వాత తను మాట్లాడింది. మామ్మ గుమ్మం బయట్నించి, "పిచ్చి మాలోకం చెప్తోందని చెప్పు, కొట్టుకి రావడం మానకు" అని అరిచింది. అదీ ఎక్కింది.

అప్పన్న వంతొచ్చింది. ఆయన ఎప్పుడూ కాసెట్లో మాట్లాడే మాటలు మూడు. ఆయ్, బాగున్నాం, జాగ్రత్త. అవి చెప్పేసి లేవబోయేడు. లేవలేదు. గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని, టేప్ రికార్డర్‌కి దగ్గరగా జరిగి, అవతల మనిషి ఉన్నట్టే గొంతు తగ్గించేడు.

"మంగా. ఒట్టు ఒట్టే. నేనేం ముట్టట్లేదు. నువ్వొచ్చేక మాత్రం దాక్కోనవసరం లేదు. పాకలో కూచుని నీ చుట్ట నువ్వు కాల్చుకో, నీ పాట నువ్వు పాడుకో. నేనూ వచ్చి పక్కన కూచుంటాను. పీల్చను, ఊదను. ఊరికే కూచుంటాను."

ఆ తర్వాత ఏం చెప్పాలో తెలీక దుర్గ కేసి చూసేడు. దుర్గ ఆపలేదు. రాజ్యం నెమరేస్తున్న చప్పుడు, నాన్న ఊపిరి, రెండూ అలా ఎక్కుతూనే ఉన్నాయి.